నక్షత్రముల గాదె

వివాహమైన రాత్రి పురోహితుడు వధూవరులను వాకిటికి తోడ్కొనివచ్చి ఆకాశమునందు అరుంధతిని చూపించుట మన యిండ్లలో అందఱు నెఱిగిన యాచారము. అరుంధతి మిక్కిలి చిన్న చుక్క. ఒక్కమాఱుగా చూపినచో కంటికి చిక్కదు. కావున మొదట సప్తర్షి మండలమును, అందు వసిష్ఠుని చూపి, చూపు అచ్చట కుదురుకొనిన పిమ్మట ప్రక్కనే యున్న సన్నని చుక్కవైపునకు మరలింతురు. తెలిసినదానిని ఆధారముగా గొని తెలియనిదానిని చేరు ఈ మార్గమునకే పెద్దలు స్థూలారుంధతీ న్యాయమని పేరిడిరి.

ఈ న్యాయమునే నేడు ఖగోళశాస్త్రజ్ఞులు మఱియొక విధముగా నడపుచున్నారు. అదే సప్తర్షి మండలపు దిక్కున, అరుంధతికంటె లక్షరెట్లకు మించిన దూరమున, కొన్ని నక్షత్రకుటుంబములు గలవు. వీనిని గెలాక్సీలందురు. శాస్త్రజ్ఞులు మొదట ఆ కుటుంబముల వెలుగును చూచిరి. ఆ వెలుగు చెంతనే, ఏ కంటికిని, ఏ అద్దపు దూరదర్శినికిని కానరాని వాయువొకటి వ్యాపించి యున్నదని పిమ్మట తెలిసికొనిరి. ఆ వాయువును పట్టుకొని ఇంకను ముందునకు పోగా, వెలుగును వాయువును గాని మఱియొక పదార్థపు జాడ వారికి కనబడినది. ఆ కథను సోదరీమణులకు చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

మనము నివసించు నక్షత్రకుటుంబమునకు పాలపుంత యని పేరు. అందు పదివేల కోట్లకు తక్కువ కాని నక్షత్రములు గలవు; మన సూర్యుడు వానిలో నొకడు. ఇట్టి కుటుంబములు ఆకాశమునందు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానియందు ప్రాత నక్షత్రములు చల్లారుచుండును, క్రొత్తవి పుట్టుచుండును. క్రొత్త నక్షత్రములు పుట్టుటకు కావలసిన ముడిసరకే ఉదజని వాయువు. నీటియందు ప్రాణవాయువుతో కలసియుండు ఈ వాయువునే హైడ్రోజనని కూడ పిలుతురు.

వీధివెంట రాత్రివేళ పోవువానికి ఇంటిలోని దీపము కనబడును గాని గాదెలోని ధాన్యము కనబడదు. ఆ యిల్లు వచ్చు సంవత్సరము ఎట్లు గడచునో తెలియవలెనన్న చూడవలసినది దీపమును కాదు, గాదెను. గెలాక్సీల విషయమును ఇట్లే. నక్షత్రములు ఇంటి దీపములు. నక్షత్రముల నడుమను, వానికి వెలుపలను చల్లగా వ్యాపించియున్న ఉదజని గాదెలోని ధాన్యము. ధాన్యమును దంచి, చెఱిగి, వండినగాని అన్నము కానట్లు, పలుచని ఉదజని మొదట మేఘములుగా చేరి, మిక్కిలి చల్లబడి, దట్టమై, తుదకు తన బరువునకు తానే క్రుంగినగాని నక్షత్రము కాదు. కాని గాదెయే వట్టిదైనప్పుడు ఆ యింట వంట యెక్కడిది?

ఈ గాదెను చూచుట యెట్లు? చల్లని వాయువు వెలుగునీయదు. అయినను అది బొత్తిగా మూగది కాదు. ఉదజని పరమాణువు సృష్టిలోనెల్ల మిక్కిలి సులువైన కూర్పు గలది. నడుమ ధనవిద్యుత్తు గల ప్రోటాను ఒకటి, దానితో కూడ ఋణవిద్యుత్తు గల ఎలక్ట్రాను ఒకటి. ఈ రెండు విద్యుత్తులును సరితూగి యుండుటచే దీనిని తటస్థోదజని యందురు. ఈ కణములు రెండును బొంగరములవలె తమ చుట్టు తాము తిరుగుచున్నట్లు భావింపవచ్చును. రెండు బొంగరములును ఒకే తీరున తిరుగుచున్నప్పుడు పరమాణువునందు ఒక రవ్వంత శక్తి ఎక్కువగా నుండును. ఎలక్ట్రాను తలక్రిందై ఎదురు తీరున తిరుగసాగినంతనే ఆ రవ్వంత శక్తి రేడియో తరంగముగా వెలువడును. ఆ తరంగపు పొడవు 21 సెంటీమీటర్లు; అనగా మన జానెడునకు కొంచెము తక్కువ. అది సెకనునకు సుమారు 142 కోట్ల మాఱులు కంపించును.

అయితే ఒక్కొక్క పరమాణువు ఈ పలుకు పలుకుటకు ఎంతకాలము పట్టునో వినిన ఆశ్చర్యము కలుగును. తనంత తాను విడువబడిన పరమాణువు సగటున 1 కోటి 10 లక్షల సంవత్సరములకు ఒక్కమాఱు మాత్రమే ఇట్లు తలక్రిందగును. ఇంత అరుదైన పలుకు మనకు వినబడునా యని సందేహింప పనిలేదు. ఒక గెలాక్సీయందలి ఉదజని అంతయు కలసి కోట్లకొలది సూర్యులంత బరువుండును. అన్ని పరమాణువులలో ఏ క్షణమున చూచినను పలుకునవి లెక్కకు మించి యుండును. వాన చినుకులలో ఒక్కొక్కదాని చప్పుడు వినబడకున్నను వానహోరు వినబడుట లేదా?

ఈ సంగతిని మొదట ఊహించినది హాలెండు దేశమునందు. 1944వ సంవత్సరమున ఆ దేశము జర్మను సైన్యముల చేతిలో నుండెను. తిండికిని బొగ్గునకును కఱవైన ఆ దినములలో లైడెన్ నగరమునందలి యాన్ ఓర్ట్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు, ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములలో ఏదేని ఒక పదార్థమునకే చెందిన గుఱుతు ఉండునేమో విచారింపుమని హెండ్రిక్ వాన్ డి హుల్స్ట్ అను యువకుని కోరెను. అతడు కాగితముమీద లెక్కలు కట్టి, ఉదజని 21 సెంటీమీటర్ల తరంగమును వెలువఱుపవలెనని తేల్చెను. వినుటకు యంత్రము లేదు. వినబడునన్న నమ్మకము మాత్రమే యుండెను.

ఆ నమ్మకము ఫలించుటకు ఏడు సంవత్సరములు పట్టెను. 1951వ సంవత్సరము మార్చి 25వ తేదీన అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున హెరాల్డ్ ఈవెన్, ఎడ్వర్డ్ పర్సెల్ అనువారు ఆ తరంగమును మొదటిసారి పట్టుకొనిరి. వారి యంత్రపు చెవి పలుచని చెక్కతో చేసి లోపల రాగిరేకు తాపిన పెద్ద కొమ్మువంటిది. దానిని ప్రయోగశాల కిటికీ వెలుపలికి చాపి నిలిపిరి. వాన కురిసినప్పుడు దాని నోటబడిన నీరు గదిలోనికే వచ్చెడిదట. చలికాలమున విద్యార్థులు దానిలోనికి మంచుముద్దలు విసరి ఆడుకొనెడివారట. కొలది వారములలోనే హాలెండునందును, ఆస్ట్రేలియాయందును ఇతరులు అదే తరంగమును విని, మాట నిజమని ధ్రువపఱచిరి.

మొదట వినబడినది మన పాలపుంతలోని ఉదజని. ఇంటి గాదెను చూచిన పిమ్మట ఇరుగుపొరుగు గాదెలమీదికి దృష్టి పోవుట సహజము గదా! 1953వ సంవత్సరమున ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దక్షిణాకాశమున మబ్బుతునుకలవలె కనబడు మెగెల్లాన్ మేఘములను రెండు చిన్న గెలాక్సీలలో దానిని కనుగొనిరి. 1957వ సంవత్సరమున హాలెండువారు డ్వింగెలో అనుచోట నిలిపిన 25 మీటర్ల పళ్లెముతో ఆండ్రోమీడా గెలాక్సీలోని ఉదజనిని పరిశీలించి ఫలితములను ప్రకటించిరి. నాటినుండి ఈ ఇరుగుపొరుగు లెక్కలు ఎడతెగక సాగుచున్నవి.

ఈ తరంగము మూడు సంగతులను తెలుపును. ఎచ్చటనుండి వచ్చుచున్నదో చూచి వాయువు ఎంతమేర వ్యాపించినదో తెలిసికొనవచ్చును. దాని బలిమినిబట్టి, గెలాక్సీ దూరము తెలిసినచో, వాయువు ఎంతయున్నదో లెక్కింపవచ్చును. ఇక మూడవది వేగము. మనవైపునకు వచ్చు రైలు కూత సన్నగాను, దాటిపోవు రైలు కూత బొంగురుగాను వినబడుట అందఱికి అనుభవమే. అట్లే గెలాక్సీ తిరుగుచుండగా మనవైపునకు వచ్చు అంచునందలి తరంగము కొంచెము కుఱుచ యగును. దూరముగా పోవు అంచునందలిది కొంచెము పొడవగును. ఆ తేడానుబట్టి ఏ చోట వాయువు ఎంత వేగముతో తిరుగుచున్నదో తెలియును.

కాని ఒక్క పళ్లెముతో విన్నప్పుడు గెలాక్సీ రూపు స్పష్టముగా తెలియదు. పళ్లెము ఎంత పెద్దదైన రూపు అంత తేటపడును. కోసుల వెడల్పుగల పళ్లెమును కట్టుట మానవసాధ్యము కాదు. అందుచే చిన్న పళ్లెములను దూరదూరముగ నిలిపి, అన్నియు విన్నదానిని గణితముచే ఒక్కటిగా కూర్చు ఉపాయమును కనిపెట్టిరి. ఈ కూర్పునకు మూలమగు గణితసూత్రమును 1947వ సంవత్సరమున ప్రకటించిన ముగ్గురిలో ఒకరు ఆస్ట్రేలియా దేశపు స్త్రీ, రూబీ పేన్-స్కాట్. ఆమె సూర్యుని రేడియో తరంగములను పరిశోధించిన విదుషి. వివాహితకు శాశ్వతోద్యోగము తగదను నియమము నాడు అచ్చటి ప్రభుత్వమునం దుండుటచే ఆమె 1944వ సంవత్సరమున చేసికొనిన వివాహమును దాచవలసివచ్చెను. 1950వ సంవత్సరమున అది బయటపడగా ఆమె శాశ్వతోద్యోగ హక్కును పోగొట్టుకొనెను. మఱుసటి యేట తల్లి కాబోవుచు ఆ కొలువునే విడిచెను. నేడు గెలాక్సీల ఉదజనిని చిత్రించు కేంద్రములన్నిటను పళ్లెములను కూర్చుచున్నది ఆ సూత్రమే.

అట్టి కేంద్రములలో నొకటి హాలెండునందలి వెస్టర్‌బార్క్. 1970వ సంవత్సరమున తెఱవబడిన ఆ కేంద్రమున 14 పళ్లెములు ఒకే వరుసను నిలిచియున్నవి. వాని చెంతనే యుద్ధకాలమున యూదులను బంధించి మరణశిబిరములకు పంపిన చెఱసాల యుండెను. తన దినచర్యచే లోకమున పేరెన్నికగన్న ఆన్ ఫ్రాంక్ అను బాలిక కూడ 1944వ సంవత్సరమున అందు బంధింపబడినదే. వాన్ డి హుల్స్ట్ లెక్క కట్టినదియు ఆ సంవత్సరమే.

ఈ యంత్రములు కనుగొన్న వింతలలో ఒకదానిని చెప్పెదను. సప్తర్షి మండలపు దిక్కున సుమారు 1 కోటి 20 లక్షల కాంతిసంవత్సరముల దూరమున ఎం 81, ఎం 82, ఎన్.జి.సి. 3077 అను మూడు గెలాక్సీలున్నవి. వెలుగుతో తీసిన చిత్రములలో ఇవి ఎవరి యింట వారున్నట్లు వేఱువేఱుగా కనబడును. 1994వ సంవత్సరమున ప్రకటింపబడిన ఉదజని చిత్రమున మూడింటిని కలుపుచు వాయువు పొడవైన పాయలుగా వ్యాపించియున్నది. పదుల కోట్ల సంవత్సరముల క్రిందట ఇవి ఒకదానిచెంతకు ఒకటి రాగా, ఒకదాని ఆకర్షణ మఱొకదాని వాయువును వెలికి లాగినది. ఎం 82 నేడు విపరీతముగా నక్షత్రములను కనుచుండుటకు కారణము ఈ కలయికయే యని శాస్త్రజ్ఞుల మతము. పైకి దూరముగా నున్న బంధువుల నడుమ పూర్వపు ఇచ్చిపుచ్చుకోలు లెక్క పుస్తకమున దొరకినట్లు, వాయువునందు ఈ చరిత్ర దొరకినది.

అన్ని గాదెలును నిండుగా లేవు. కన్యారాశి దిక్కున సుమారు 5 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున గెలాక్సీల గుంపొకటి కలదు. ఆ గుంపు నడుమ మిక్కిలి వేడియైన పలుచని వాయువు నిండియున్నది. దానిలోనికి వేగముగా చొచ్చుకొనివచ్చు గెలాక్సీకి ఆ వేడి వాయువు ఎదురుగాలియై తగులును. తూర్పాఱబట్టునప్పుడు గాలికి పొట్టు ఎగిరిపోవునట్లు గెలాక్సీలోని ఉదజని ఎగిరిపోవును. నక్షత్రములు మాత్రము గింజలవలె నిలిచిపోవును. ఐరీ చుంగ్, జాక్వెలిన్ వాన్ గోర్కమ్ అను విదుషీమణులును వారి సహచరులును అచ్చటి 53 గెలాక్సీలను పరిశీలించి 2009వ సంవత్సరమున చిత్రములు ప్రకటించిరి. గుంపు నడుమకు చేరిన గెలాక్సీలలో నక్షత్రముల వెడల్పుకంటె వాయువు వెడల్పు తగ్గిపోయి యున్నది. కొన్నింటి వెనుక తోకవలె వాయువు సాగియున్నది. వాని దీపములు నేటికిని వెలుగుచునే యున్నవి. గాదె మాత్రము వట్టిపోవుచున్నది. వెలుగును మాత్రమే చూచువారికి ఈ యాపద తెలియదు.

ఇక మన దేశమునకు వత్తము. పూనానగరమునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, నారాయణ్‌గావ్ చెంత, ఖోడద్ అను పల్లె కలదు. అచ్చట గోవింద స్వరూప్ గారి నాయకత్వమున మన శాస్త్రజ్ఞులు 30 పళ్లెములను నిర్మించిరి. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు గలది. 14 పళ్లెములు నడుమ గుంపుగా నుండగా, మిగిలిన 16 మూడు కొమ్మలుగా చీలి 25 కిలోమీటర్ల మేర వ్యాపించియున్నవి. ఖర్చు తగ్గించుటకై వీనిని గట్టి రేకుతో గాక, సన్నని ఉక్కుతీగల వలతో కట్టిరి. గాలి వలగుండ పోవును. జానెడు తరంగము మాత్రము వలకు తగిలి మరలును. గోవింద స్వరూప్ గారు 2020వ సంవత్సరమున పరమపదించిరి. ఆ పళ్లెములు నేటికిని ఆకాశమును వినుచున్నవి.

ఈ పళ్లెములతో అయేషా బేగం, జయరాం చెంగలూర్ అనువారు రష్యా దేశపు శాస్త్రజ్ఞుడగు ఇగోర్ కరచెంత్సెవ్‌తో కలసి ఎన్.జి.సి. 3741 అను మఱుగుజ్జు గెలాక్సీని పరిశీలించి 2005వ సంవత్సరమున ఫలితము ప్రకటించిరి. ఇదియు సప్తర్షి మండలపు దిక్కుననే, సుమారు ఒక కోటి కాంతిసంవత్సరముల దూరమున నున్నది. వెలుగును బట్టి చూచిన ఇది ఒక చిన్న గుడిసె. కాని దాని చుట్టు ఉదజని, వెలుగు మేరకు 8 రెట్లకు మించి వ్యాపించియున్నది. గుడిసెకు ఊరంత పెరడున్నట్లు!

ఆ పెరటి అంచువఱకును వాయువు తిరుగు వేగమును వారు కొలిచిరి. గెలాక్సీ బరువంతయు నడుమనే యున్నచో, సూర్యునికి దూరమైన గ్రహములు మెల్లగా తిరుగునట్లు, దూరమైన వాయువును మెల్లగా తిరుగవలెను. అట్లు జరుగలేదు, అంచునందును వేగము తగ్గలేదు. అంతటి వేగముతో తిరుగు వాయువు చెదరిపోక నిలుచుటకు ఎంత బరువు కావలెనో లెక్కించి చూడగా, సూర్యునంతటి వెలుగు ఒక పాలునకు 107 సూర్యులంతటి బరువు తేలినది. నక్షత్రములును వాయువును కలిపినను ఈ లెక్కకు చాలవు. మిగిలినది వెలుగునీయనిది, రేడియో తరంగమునకు సైతము చిక్కనిది. దానిని కృష్ణపదార్థ మందురు.

ఇట్టి జాడ అంతకు ముందును కనబడియుండెను. 1970వ సంవత్సరమున వీరా రూబిన్ అను అమెరికా విదుషి కెంట్ ఫోర్డ్‌తో కూడి ఆండ్రోమీడా గెలాక్సీ తిరుగుడును వెలుగు సాయముతో కొలిచెను. 1978వ సంవత్సరమున ఆల్బర్ట్ బోస్మా వెస్టర్‌బార్క్ పళ్లెములతో పలు గెలాక్సీల ఉదజనిని కొలిచి, వెలుగు ముగిసిన చోటునకు వెలుపలను వేగము తగ్గదని చూపెను. నక్షత్రములు ముగిసిన పిమ్మటకూడ తోడువచ్చి దారి చూపునది ఉదజని యొక్కటే.

ఇరుగుపొరుగు గాదెల పట్టికలు నేడు మిక్కిలి పెద్దవైనవి. ఆస్ట్రేలియాయందలి పార్క్స్ పళ్లెముతో దక్షిణాకాశమును వెదకి 2004వ సంవత్సరమున 4315 గెలాక్సీల పట్టికను ప్రకటించిరి. మార్తా హేన్స్, రికార్డో జొవనెల్లి అనువారి నాయకత్వమున అరెసీబో నందలి 305 మీటర్ల పళ్లెముతో సాగిన వెదకులాట 2018 నాటికి సుమారు 31,500 ఉదజని నిలయములను లెక్కకు తెచ్చెను. ఆ మహాయంత్రము 2020వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన కూలిపోయెను. అది విన్నది మాత్రము పట్టికలలో నిలిచియున్నది. డైడ్రీ హంటర్ అను విదుషి నాయకత్వమున 41 మఱుగుజ్జు గెలాక్సీలు సూక్ష్మముగా చిత్రింపబడెను.

ఇంత శ్రమ యేల యని సోదరీమణులు అడుగవచ్చును. మన యింటి లెక్కయే ఇందులో నున్నది. మన పాలపుంత యందు ఏటేట ఒకటి రెండు సూర్యుల బరువునకు సరిపడు వాయువు క్రొత్త నక్షత్రములగుచున్నది. మిగిలిన నిలువ కొన్ని వందల కోట్ల సంవత్సరములకు మాత్రమే చాలును. కాని పాలపుంత వయస్సు వేయికోట్ల సంవత్సరములకు మించినది. ఆదాయము లేనిచో గాదె ఏనాడో వట్టిపోయి యుండవలెను. కావున ఎచ్చటనుండియో క్రొత్త వాయువు చేరుచుండవలెను. 1963వ సంవత్సరమున వెలుపలినుండి వేగముగా వచ్చుచున్న ఉదజని మేఘములను హాలెండువారు కనుగొనిరి. అవి ఆదాయములో కొంత భాగమే యని తోచుచున్నది. మిగిలినది ఏ దారిని వచ్చుచున్నదో చూచుటకే దక్షిణాఫ్రికాయందు 64 పళ్లెములు, పశ్చిమ ఆస్ట్రేలియాయందు 36 పళ్లెములు పొరుగు గెలాక్సీలను పరిశీలించుచున్నవి.

ఈ మెల్లని పలుకు వినబడవలెనన్న మన సందడి తగ్గవలెను. అందుచే 21 సెంటీమీటర్ల తరంగము చుట్టుపట్ల నుండు కంపనములలో ఎవ్వరును రేడియో ప్రసారము చేయరాదని దేశములన్నియు ఒడంబడిక చేసికొన్నవి. చేతిలో ఫోను లేనిదే గడవని ఈ కాలమున, కోటానుకోట్ల సంవత్సరముల ప్రాయముగల ఒక్క పలుకుకొఱకు లోకము కొంత మౌనము పాటించుచున్నది.

ఈసారి పెండ్లివారింట అరుంధతిని చూపునప్పుడు, చూపు ఆ చుక్కవద్దనే నిలుపక, ఆ దిక్కున చీకటివలె కనబడు చోటును కూడ ఒక్క క్షణము చూడుడు. ఆ చీకటి వట్టిది కాదు. రేపటి నక్షత్రములకు కావలసిన ధాన్యము అందున్నది. దానిని విడువక పట్టియుంచిన అదృశ్యపదార్థమును అందున్నది. వసిష్ఠునినుండి అరుంధతిని చేరిన చూపునకు ఇంకను నడువవలసిన దారి చాల కలదు.